పంటి అచ్చు, అచ్చు తప్పులు

పంటికి క్యాపు వేయించుకున్నవాళ్ళకి ఈ వరస తెలిసే ఉంటుంది. మొదటి రోజు డాక్టరు పన్నుని చుట్టూ అరగదీస్తాడు. ఒక ట్రేలో మెత్తటి ముద్ద పెట్టి నోట్లో అదిమి, కొన్ని నిమిషాలు కదలకుండా కూర్చోమంటాడు. ముద్ద బిగిశాక బయటికి లాగి, తాత్కాలికంగా ఒక ప్లాస్టిక్ క్యాపు అతికించి, వారం పది రోజుల తరవాత రమ్మంటాడు. రెండోసారి వెళ్ళేసరికి మన పన్ను తయారై చిన్న డబ్బాలో ఉంటుంది. మధ్యలో ఆ వారం రోజులూ ఏం జరిగిందో మనలో చాలామందికి తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచనా రాదు.

ఆ పన్ను చేసేది సాధారణంగా డాక్టరు కాదు. ఎక్కడో ఒక ల్యాబులో, మన మొహం కూడా ఎప్పుడూ చూడని టెక్నీషియన్ చేస్తాడు. మన గురించి అతని దగ్గర ఉన్న సమాచారమంతా ఆ ముద్దలో పడిన అచ్చు, దానితో పాటు వచ్చిన ఒక కాగితం. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది అలవాటైన వ్యవహారమే. క్లయింటు ఒక చోట, పని చేసేవాడు ఇంకో చోట, మధ్యలో ఒక స్పెసిఫికేషన్. స్పెసిఫికేషన్‌లో తప్పుంటే కోడు ఎంత శుభ్రంగా రాసినా ఉపయోగం లేదు. ఒకటే తేడా. మనం రెండో వెర్షన్ విడుదల చెయ్యగలం. అరగదీసిన పన్ను మళ్ళీ పెరగదు.

ఉద్యోగరీత్యా సింగపూర్‌లో ఒక డెంటల్ ల్యాబుకి ఆర్డర్ల సాఫ్ట్‌వేర్ పని మీద నేను కొన్ని వారాలు వెళ్ళవలసి వచ్చింది. ఉబి ప్రాంతంలో అంతస్తుల ఫ్యాక్టరీ భవనం, కింద కార్ల రిపేరు షాపులు, పైన ఈ ల్యాబు. యజమానికి ఒక పెద్ద ప్రశ్న పట్టుకుంది. డాక్టర్లలో చాలామంది ఇప్పుడు ముద్దతో అచ్చు తియ్యకుండా, నోట్లో స్కానర్ తిప్పి ఫైలు పంపిస్తున్నారు. అలాంటప్పుడు జిప్సం పోత పోసే గది ఎత్తేసి, ఆ జాగాలో త్రీడీ ప్రింటర్లు పెట్టొచ్చు కదా? ఆ గదిలో పని చేసే ఆయనకి అరవై దాటాయి. రోజూ జొహోర్ బహ్రూ నుంచి సరిహద్దు దాటి వస్తాడు. అందరూ "అంకుల్" అనే పిలుస్తారు. యజమాని ప్రశ్నకి జవాబు చెప్పాలంటే ముందు ఆ గదిలో ఏం జరుగుతుందో తెలియాలి. అక్కడే నాకు ఈ వ్యాసానికి కావలసిన సరుకు దొరికింది.

నాచు నుంచి ముద్ర

పళ్ళకి అచ్చు తీసి, దాంట్లో ప్లాస్టర్ పోసి నమూనా చెయ్యడం కొత్త పద్ధతేమీ కాదు. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ దగ్గర దంతవైద్యుడిగా ఉన్న ఫిలిప్ ఫాఫ్ 1756లో రాసిన పుస్తకంలో ఈ పద్ధతి వివరించాడు. ఆయన వాడింది మైనం. మైనంతో చిక్కేమిటంటే, పంటి నడుము కన్నా మొదలు సన్నగా ఉంటుంది. గట్టిపడ్డ మైనాన్ని బయటికి లాగితే ఆ వంపుల దగ్గర రూపు చెడుతుంది. కావలసింది సాగి, మళ్ళీ యథాస్థితికి వచ్చే పదార్థం.

అలాంటిది 1920లలో దొరికింది. అదే అగర్ అగర్. సింగపూర్‌లో ఏ హాకర్ సెంటర్‌కి వెళ్ళినా రంగురంగుల జెల్లీ ముక్కలుగా కనిపిస్తుంది, ఆ పేరు కూడా మలయ్ మాటే. సముద్రపు ఎర్ర నాచు నుంచి వస్తుంది. అప్పట్లో దాని సరఫరా ముఖ్యంగా జపాన్ నుంచి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ దారి మూసుకుపోయేసరికి పాశ్చాత్య దేశాల్లో దంతవైద్యులకి కటకట వచ్చింది. దాని బదులు గోధుమరంగు నాచు నుంచి తీసే ఆల్జినేట్ వాడకంలోకి వచ్చింది. ఈనాటికీ ప్రపంచంలో ఏ మూల పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినా కనిపించేది అదే.

దీని రసాయనం సరదాగా ఉంటుంది. పొడిలో సోడియం లేదా పొటాషియం ఆల్జినేట్ ఉంటుంది, కాల్షియం సల్ఫేట్ ఉంటుంది. నీళ్ళు కలపగానే కాల్షియం అయాన్లు వెళ్ళి ఆల్జినేట్ గొలుసులని ఒకదానికొకటి ముడి వేస్తాయి. ముద్ద జున్నులా బిగుస్తుంది. ఈ పని వెంటనే జరిగిపోతే డాక్టరుకి ట్రే నోట్లో పెట్టే వ్యవధి ఉండదు. అందుకని కొంచెం ట్రైసోడియం ఫాస్ఫేట్ కలుపుతారు. వచ్చిన కాల్షియాన్ని ముందు అది మింగేస్తుంది. అది అయిపోయాక గానీ ఆల్జినేట్‌కి వంతు రాదు. మన భాషలో చెప్పాలంటే ఒక టైమర్. నీళ్ళు వెచ్చగా ఉంటే ఆ టైమర్ తొందరగా మోగుతుంది. సింగపూర్ కుళాయి నీళ్ళు ఎప్పుడూ గోరువెచ్చగానే ఉంటాయి కాబట్టి, చల్లటి నీళ్ళతో కలిపితే చేతికి కాస్త సమయం చిక్కుతుంది.

ఆల్జినేట్‌లో ఎక్కువ భాగం నీరే. దాని బలమూ, బలహీనతా అదే. బయట గాలికి వదిలేస్తే నీరు పోయి కుదించుకుపోతుంది. నీళ్ళలో వేస్తే పీల్చుకుని ఉబ్బుతుంది. తడిగుడ్డ చుట్టి ఉంచినా అంతంత మాత్రమే. అందుకే నోట్లోంచి తీసిన పది పదిహేను నిమిషాల్లో పోత పోసెయ్యాలన్నది నియమం. క్యాపు లాంటి సూక్ష్మమైన పనికి ఇది చాలదు కనుక సిలికోన్ రబ్బరు వాడతారు. అది రోజుల తరబడి కొలత మారకుండా ఉంటుంది. దానికీ తన అలవాట్లు తనకున్నాయి. కొన్ని రకాలు బిగిసిన తరవాత కాసేపు హైడ్రోజన్ వదులుతాయి. తొందరపడి పోత పోస్తే మోడల్ మీద సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు పడతాయి. లేటెక్స్ చేతితొడుగులతో ముట్టుకుంటే, వాటిలోని గంధకపు సమ్మేళనాల వల్ల ముద్ద అసలు బిగుసుకోదు. ఒక పదార్థం ఆలస్యాన్ని ఓర్చదు, ఇంకో పదార్థం తొందరని ఓర్చదు. అంకుల్ గోడ మీద అంటించుకున్న కాగితంలో ఏ సరుకుకి ఎంత సమయమో చేతిరాతతో ఉంటుంది.

రాయి తయారయ్యే విధానం

ఇక జిప్సం సంగతి. ధూల్‌పేటలో వినాయకుడి విగ్రహాలు పోసే ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌కీ, ల్యాబులో పంటి మోడల్ పోసే పొడికీ రసాయన సూత్రం ఒకటే. కాల్షియం సల్ఫేట్ ఒక అణువుకి రెండు నీటి అణువులు అంటిపెట్టుకుని ఉంటే జిప్సం రాయి. వేడిచేసి ఒకటిన్నర అణువుల నీరు తరిమేస్తే పొడి. మళ్ళీ నీళ్ళు పోస్తే, పోగొట్టుకున్న నీరు తిరిగి తీసుకుని రాయి అవుతుంది. తీసుకునేటప్పుడు వేడి పుడుతుంది. బిగుస్తున్న మోడల్ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది.

మరి తేడా ఎక్కడ? వేడిచేసే పద్ధతిలో. తెరిచిన పాత్రలో వేడిచేస్తే పొడి రేణువులు బొరియలు పడి, వంకరటింకరగా వస్తాయి. ఆవిరి ఒత్తిడి మీద, అంటే మన ప్రెషర్ కుక్కర్ లాంటి దాంట్లో వేడిచేస్తే దట్టంగా, నున్నగా వస్తాయి. రసాయన చర్యకి లెక్కప్రకారం 100 గ్రాముల పొడికి 18.6 మిల్లీలీటర్ల నీళ్ళు చాలు. కానీ అంత తక్కువ నీళ్ళతో కలపడం కుదరదు. బొరియల రేణువులకి 45 నుంచి 50 మిల్లీలీటర్లు కావాలి. దట్టమైన రకానికి 28 నుంచి 30 సరిపోతాయి. అన్నిటికన్నా మేలైన నాలుగో రకానికి 22 నుంచి 24 చాలు. అదనంగా పోసిన నీరు తరవాత ఆరిపోయి, అది ఉన్నచోట ఖాళీలు మిగులుతాయి. నీళ్ళు ఎంత ఎక్కువైతే రాయి అంత గుల్ల. "కొంచెం జారుగా ఉంటే పోయడం సులువు" అని ఒక చెంచా నీళ్ళు ఎక్కువ పోసినవాడు, తెలియకుండా మోడల్ బలం తగ్గించేసినట్టే.

ఇక్కడ ఇంకో విచిత్రం. పొడి, నీళ్ళ ఘనపరిమాణం కలిపి లెక్కవేస్తే, తయారైన జిప్సం దాని కన్నా తక్కువ ఉండాలి. అంటే కుదించుకుపోవాలి. కానీ బయటి కొలత పెరుగుతుంది. ఎందుకంటే సూదుల్లాంటి స్ఫటికాలు పెరుగుతూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. రద్దీ బస్సులో అందరూ మోచేతులు చాపినట్టు. మామూలు ప్లాస్టర్ 0.3 శాతం వరకు పెరగవచ్చు. నాలుగో రకం సుమారు 0.1 శాతం. చిన్న అంకెలే అనిపిస్తాయి. ఒక దవడ అటు నుంచి ఇటు 50 మిల్లీమీటర్లు అనుకుంటే 0.3 శాతం అంటే 150 మైక్రాన్లు. 0.1 శాతం అంటే 50 మైక్రాన్లు.

ఈ మైక్రాన్ల గొడవ ఎందుకు? 1971లో మెక్‌లీన్, ఫాన్ ఫ్రాన్‌హోఫర్ అనే ఇద్దరు, వెయ్యికి పైగా క్యాపులూ పూతలూ ఐదేళ్ళ పాటు పరిశీలించి, క్యాపు అంచుకీ పంటికీ మధ్య సందు 120 మైక్రాన్లు దాటకూడదని సూచించారు. ఒక తలవెంట్రుక మందం కన్నా కొంచెం ఎక్కువ. ఈ రంగంలో ఇప్పటికీ అందరూ తలుచుకునే అంకె ఇది. సందు పెద్దదైతే అతికించిన సిమెంటు నెమ్మదిగా కరుగుతుంది, లోపలికి బాక్టీరియా చేరుతుంది. క్యాపు కింద పన్ను పుచ్చుతుంది. పైకి ఏమీ కనబడదు. రూట్ కెనాల్ అయిన పన్నైతే నొప్పి కూడా తెలియదు. బయటపడేసరికి ఒక్కోసారి పన్ను పీకడం తప్ప దారి ఉండదు.

సింగపూర్‌కి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది, గాలిలో తేమ. ఏడాది పొడుగునా ఇక్కడ తేమ సగటున 80 శాతం పైనే. 70 శాతం దాటితే చాలు, మూత సరిగ్గా పెట్టని జిప్సం పొడి గాలిలోంచే నీరు పీల్చుకోవడం మొదలుపెడుతుంది. రేణువుల మీద అక్కడక్కడ చిట్టి స్ఫటికాలు పుడతాయి. పెరుగుకి తోడు వేసినట్టు, ఆ స్ఫటికాలు మిగతావాటిని తొందరపెడతాయి కనుక పొడి మామూలు కన్నా వేగంగా బిగుస్తుంది. ఇంకా కొన్నాళ్ళు అలాగే వదిలేస్తే రేణువులన్నీ పైపొర కట్టేసుకుని, ఈసారి బిగుసుకోవడమే ఆలస్యం అవుతుంది. ఒకే లోపం మొదట ఒక లక్షణం, తరవాత దానికి సరిగ్గా వ్యతిరేక లక్షణం చూపిస్తుందన్నమాట. ప్రొడక్షన్‌లో ఇలాంటి బగ్ వెతికినవాళ్ళకి దాని బాధ తెలుస్తుంది. అంకుల్ పద్ధతి సీదాసాదా. పెద్ద బస్తా కొనడు. చిన్న సీలు ప్యాకెట్లు, ఎయిర్‌కండిషన్డ్ గది, తెరిచిన తేదీ మార్కరుతో ప్యాకెట్ మీద.

పోత

అచ్చు రాగానే మొదటి పని దాన్ని కడిగి, క్రిమిసంహారకంతో శుద్ధి చెయ్యడం. అది ఒకరి నోట్లోంచి వచ్చింది, లాలాజలం, ఒక్కోసారి రక్తం అంటుకుని ఉంటుంది. తరవాత భూతద్దం కింద పెట్టి చూస్తారు. ముద్ద ట్రే నుంచి ఊడిందా, అరగదీసిన పంటి అంచు చుట్టూ గీత తెగకుండా వచ్చిందా, ఎక్కడైనా చిరిగిందా.

పొడీ నీళ్ళూ తూచి, గాలి తీసేసే మిక్సర్‌లో కలుపుతారు. నీళ్ళలో పొడి వెయ్యాలి, పొడిలో నీళ్ళు పోస్తే గాలి చిక్కుకుంటుంది. కలిపిన ముద్ద గారె పిండి కన్నా కొంచెం పల్చగా ఉంటుంది. దాన్ని గరిటెడు గరిటెడు కుమ్మరించరు. అదురుతూ ఉండే బల్ల మీద ట్రే ఆనించి, ఒక చివర దవడ పన్ను దగ్గర కొద్దిగా పెడతారు. అదురుకి అది కరిగినట్టై ఒక పంటి గుంటలోంచి ఇంకో పంటి గుంటలోకి నడుస్తుంది. ముందు గాలిని తోసుకుంటూ పోతుంది. రెండు వైపుల నుంచీ పోస్తే మధ్యలో గాలి ఇరుక్కుంటుంది. అందుకే ఒకే చివర నుంచి. ఇదంతా చెయ్యడానికి దొరికే సమయం కొద్ది నిమిషాలే.

బుడగల గురించి అంకుల్ చెప్పిన సూత్రం నాకు బాగా నచ్చింది. అచ్చులో బుడగ ఉంటే మోడల్ మీద గింజ లేస్తుంది. పోతలో బుడగ ఉంటే మోడల్‌లో గుంట పడుతుంది. మోడల్ చూసి తప్పు క్లినిక్‌లో జరిగిందో, ల్యాబులో జరిగిందో చెప్పెయ్యొచ్చు. గింజ నమిలే ఉపరితలం మీద ఉంటే సన్నటి ఉలితో గీకెయ్యొచ్చు. అదే గింజ అంచు గీత మీద ఉంటే గీకకూడదు. కింద అసలు గీత ఎక్కడుందో ఎవరికీ తెలియదు, గీకినవాడు ఊహించి గీసినట్టే. ఆ అచ్చు వెనక్కి పంపి మళ్ళీ తియ్యమనాలి. డాక్టరుకి కోపం వస్తుంది, పేషెంటుకి ఇంకో రోజు సెలవు ఖర్చు. అయినా సరే.

45 నిమిషాల నుంచి గంట తరవాత అచ్చు విడదీస్తారు. మోడల్‌ని యంత్రం మీద సాన పట్టి, క్యాపు వెయ్యాల్సిన పంటిని విడిగా బయటికి తీసి మళ్ళీ అదే చోట కూర్చునేలా అడుగున పిన్నులు పెట్టి కోస్తారు. అంచు కింద చిగురు భాగాన్ని చెక్కేసి, గీత స్పష్టంగా కనపడేట్టు చేస్తారు. సిమెంటుకి జాగా కోసం పంటి మీద పల్చగా ఒక రంగు పూస్తారు. పై దవడ, కింది దవడ మోడళ్ళని కీలు ఉన్న చట్రంలో బిగించి, నోరు మూసినప్పుడు ఏ పన్ను ఎక్కడ తగులుతుందో చూస్తారు. ఇంకో చిన్న సంగతి. జిప్సం నీళ్ళలో కొద్దికొద్దిగా కరుగుతుంది. కాబట్టి మోడల్ తడపాలంటే మంచినీళ్ళు వాడరు. జిప్సం ముక్కలు ముందే నానబెట్టి ఉంచిన నీళ్ళలో ముంచుతారు. ఆ నీళ్ళు అప్పటికే తృప్తిపడి ఉంటాయి, మోడల్ జోలికి రావు.

తెలిసిన తప్పు

ఇంత పకడ్బందీగా చేసినా కొలత తేడాలు వస్తూనే ఉంటాయి. అయితే అన్ని తేడాలూ ఒక జాతివి కావు. బంగారు మిశ్రమం చల్లారేటప్పుడు దాదాపు ఒకటిన్నర శాతం కుదించుకుంటుంది. ఆదిలాబాద్ ఓజాలు డోక్రా బొమ్మలకి చేసినట్టే, పళ్ళ ల్యాబులోనూ మైనంతో పన్ను చేసి, చుట్టూ మూస కట్టి, మైనం కరిగించేసి లోహం పోస్తారు. ఆ మూస పదార్థం సరిగ్గా అంతే వ్యాకోచించేట్టు తయారుచేస్తారు కనుక లెక్క సరిపోతుంది. ఈ రోజుల్లో ఎక్కువగా వాడే జిర్కోనియా అయితే కొలిమిలో 20 శాతం పైగా కుదించుకుపోతుంది. అందుకే మిల్లింగ్ యంత్రం దాన్ని ముందే అంత పెద్దగా చెక్కుతుంది. ఎంత పెంచాలో ప్రతి డిస్కు మీదా అంకె రాసి ఉంటుంది.

అంటే 20 శాతం తేడా కూడా ముందే తెలిస్తే ఇబ్బంది లేదు. దాన్ని కోడులో ఒక స్థిరాంకంగా పెట్టేసుకోవచ్చు. నోట్లోంచి తీసేటప్పుడు ట్రే కాస్త వంగి వచ్చిన 100 మైక్రాన్ల మెలిక మాత్రం ఎవరికీ తెలియదు, దానికి విరుగుడు లేదు. ప్రమాదం తేడా పరిమాణంలో కన్నా, అది కనపడకపోవడంలోనే ఎక్కువ ఉంది.

ఫైలులో పన్ను

కంప్యూటర్‌తో పన్ను చెయ్యాలన్న ఆలోచన 1970లలోనే ఫ్రాన్స్‌లో ఫ్రాన్స్వా డ్యూరేకి వచ్చింది. 1985లో జ్యూరిక్‌లో వెర్నర్ మోర్మాన్, మార్కో బ్రాండెస్టినీ తయారుచేసిన సెరెక్ యంత్రంతో మొదటిసారి పేషెంటు కుర్చీ పక్కనే పంటి పూత చెక్కి పెట్టారు. ఇప్పటి నోటి స్కానర్ పెద్ద టూత్‌బ్రష్ అంత ఉంటుంది. పళ్ళ మీద కాంతి వేసి, సెకనుకి ఎన్నో చిన్న చిన్న త్రిమితీయ చిత్రాలు తీసి, ఒకదాని పక్కన ఒకటి కుట్టుకుంటూ పోతుంది. పనోరమా ఫోటో గుర్తుకు తెచ్చుకోండి. కుట్టడానికి వాడే పద్ధతుల్లో ముఖ్యమైనది మనలో గ్రాఫిక్స్ చదువుకున్నవాళ్ళకి పరిచయమే: బెస్ల్, మెకే 1992లో ప్రచురించిన ఐసీపీ. రెండు బిందువుల గుంపుల్లో దగ్గర దగ్గర బిందువుల్ని జతకట్టి, మధ్య దూరం తగ్గేట్టు జరిపి, మళ్ళీ జతకట్టి, మళ్ళీ జరపడం.

చివరికి వచ్చేది తరచుగా ఎస్‌టీఎల్ ఫైలు. 1987లో త్రీడీ సిస్టమ్స్ వాళ్ళు తమ ప్రింటర్ల కోసం పెట్టిన ఫార్మాట్ ఇది. ఇంతకన్నా సాదా ఫార్మాట్ ఊహించడం కష్టం. ముందు 80 బైట్ల శీర్షిక, 4 బైట్లలో త్రిభుజాల సంఖ్య, ఆ తరవాత ఒక్కో త్రిభుజానికి 50 బైట్లు. రెండు లక్షల త్రిభుజాల దవడ సుమారు కోటి బైట్లు, అంటే 10 మెగాబైట్లు. పక్కపక్క త్రిభుజాలకి ఉమ్మడిగా ఉండే బిందువుని ప్రతిసారీ మళ్ళీ మళ్ళీ రాస్తుంది. రంగు ఉండదు. ప్రమాణం ఉండదు. ఫైలులో 10 అని ఉంటే అది మిల్లీమీటర్లా అంగుళాలా అన్నది ఇద్దరూ ముందే ఒప్పుకుని ఉండాలి. పేషెంటు పేరుకి ప్రత్యేకంగా చోటు లేదు. ఎవరి పన్నో తెలియాలంటే ఫైలు పేరే దిక్కు. మేము ఆ ల్యాబుకి చేసిన పనిలో పెద్ద భాగం ఫైలునీ, ఆర్డరునీ తప్పిపోకుండా ముడివెయ్యడమే.

స్కానర్ వల్ల లాభాలు చిన్నవి కావు. ముద్ద లేదు, వాంతి వచ్చినట్టుండే బాధ లేదు. తేమకి ఉబ్బదు, ఎండకి కుంగదు. పేషెంటు కుర్చీలో ఉండగానే తెర మీద అంచు గీత పెద్దదిగా చేసి చూసి, బాగాలేకపోతే అక్కడికక్కడే మళ్ళీ తీసుకోవచ్చు. ఒకటి రెండు పళ్ళ పనికి స్కాన్ చక్కగా సరిపోతుంది. కానీ దవడ మొత్తం స్కాన్ చేసేటప్పుడు, ఒక చివర దవడ పన్ను దగ్గర మొదలుపెట్టి రెండో చివరికి చేరేలోగా, ప్రతి కుట్టు దగ్గరా వచ్చే చిన్న తేడా పోగవుతుంది. నక్షత్రాలు చూడకుండా, వేగం దిశ మాత్రమే లెక్కవేసుకుంటూ ఓడ నడిపినట్టు. అంచు చిగురు కిందికి దిగి ఉంటే, కాంతికి దారి లేదు కనుక స్కానర్‌కీ కనపడదు. చూడని చోట కొన్ని సాఫ్ట్‌వేర్లు చుట్టుపక్కల ఆకారాన్ని బట్టి రంధ్రం పూడ్చేస్తాయి. తెర మీద నున్నగా, అందంగా ఉంటుంది. జిప్సంలో గుంట పడితే గుంటగానే కనిపిస్తుంది. ఫైలులో పూడ్చిన గుంట పన్నులాగే కనిపిస్తుంది. "రాయి అబద్ధం చెప్పినా దొరికిపోతుంది" అని అంకుల్ అన్నది దీని గురించే.

స్కాన్ వచ్చాక మోడల్ అవసరమైతే రెజిన్‌తో ప్రింట్ చేస్తారు. ద్రవంగా ఉన్న రెజిన్‌ని కాంతితో పొరలు పొరలుగా గట్టిపరిచి, ఆల్కహాల్‌తో కడిగి, మళ్ళీ అల్ట్రావయొలెట్ కాంతిలో పెడతారు. గట్టిపడేటప్పుడు రెజిన్ కుదించుకుంటుంది. కడగడం, ఆరబెట్టడం, కాంతిలో పెట్టడం సరిగ్గా చెయ్యకపోతే మోడల్ కొన్నాళ్ళకి వంగుతుంది. పాత గదిలో ఉన్న క్రమశిక్షణ కొత్త గదిలోనూ కావాలి. కొలవాల్సిన వస్తువులు మాత్రమే మారాయి.

కట్టుడు పళ్ళ దగ్గర ఆగిన లెక్క

యజమాని ప్రశ్నకి జవాబు క్యాపుల దగ్గర దొరకలేదు. ఆర్డర్ల డేటా విడదీసి చూస్తే కట్టుడు పళ్ళ దగ్గర దొరికింది. సింగపూర్ వేగంగా వయసు మీరుతున్న దేశం. 2024 నాటికి పౌరుల్లో దాదాపు ఐదోవంతు 65 ఏళ్ళు దాటినవాళ్ళు. 2012లో మొదలైన చాస్ పథకం కింద తక్కువ, మధ్య ఆదాయాల వాళ్ళకీ, పెద్దవాళ్ళకీ పేటలోని ప్రైవేటు క్లినిక్‌లలోనే కట్టుడు పళ్ళకి కూడా ప్రభుత్వ సహాయం అందుతుంది.

ఒక్క పన్ను కూడా లేని దవడలో అచ్చు తియ్యడం వేరే విద్య. అక్కడ ఉన్నది మెత్తటి చర్మం. బుగ్గ, నాలుక కదిలినప్పుడల్లా దాని అంచు పైకీ కిందికీ జరుగుతుంది. పళ్ళ సెట్టు ఆ కదలికకి అడ్డం రాకుండా, అయినా గాలి చొరబడకుండా, సరిగ్గా ఆ అంచు దగ్గర ఆగాలి. కాబట్టి ఈ అచ్చు తీసేటప్పుడు డాక్టరు పేషెంటుని నోరు సున్నాలా చుట్టమంటాడు, నాలుక బయట పెట్టమంటాడు, బుగ్గలు తానే లాగుతాడు. ముద్ద ఆ కదలికల్నే అచ్చు వేసుకుంటుంది. స్కానర్ తీసేది నిలకడగా ఉన్న ఆకారం. తడిగా, నున్నగా, ఏ గుర్తులూ లేని చర్మం మీద కుట్టడానికి దానికి పట్టు దొరకడమూ కష్టమే. ఈ విషయంలో స్కానర్లు మెరుగుపడుతున్నాయి గానీ, ముద్దతో తీసే ఈ అచ్చుకి పని ఇంకా తీరలేదు. ముద్దతో అచ్చు తీసి దాన్ని స్కాన్ చేసే మధ్యేమార్గం కూడా ఉంది. అప్పుడైనా అచ్చుని చదవగలిగే మనిషి కావాలి.

పట్టు లేని పళ్ళ సెట్టు అంటే ఏమిటో మనందరి ఇళ్ళలోనూ తెలుసు. తాతగారు అన్నం ముందు సెట్టు తీసి గిన్నెలో పెట్టుకుని, మెత్తగా పిసికిన పెరుగన్నం తినడం చూసినవాళ్ళం. తినడానికి చేయించుకున్నది తినేటప్పుడే తీసేస్తున్నారంటే, ఆ అంచు కొలత ఎక్కడో తప్పిందన్నమాటే.

చివరికి ఆ ల్యాబులో పోత గది సగం అయింది గానీ పోలేదు. క్యాపుల పని చాలావరకు ఫైళ్ళ మీదికి మారింది. కట్టుడు పళ్ళ పని రాయి మీదే ఉంది. ప్రింట్ అయిన మోడళ్ళు బయటికి వెళ్ళే ముందు అంకుల్ బల్ల మీదికి వస్తాయి. ఆయన దగ్గర ఇద్దరు కుర్రవాళ్ళు నేర్చుకుంటున్నారు. వాళ్ళకి మౌస్‌తో అంచు గీత గియ్యడం వచ్చు. ఆ గీత ఎందుకు అక్కడే ఉండాలో ఇప్పుడు తెలుస్తోంది. ఇది అన్ని ల్యాబులకీ వర్తించే పరిష్కారం అని చెప్పను. అద్దెలు మండిపోయే ఊళ్ళో, పని పొరుగు దేశాలకి ఫైలుగా పంపెయ్యడం చవక అయిన రోజుల్లో, ఆ సగం గది కూడా ఎన్నాళ్ళుంటుందో.

మనకి పనికొచ్చే మాటలు

ఫైలు దేశం దాటుతుందంటే ఇంకో విషయం గుర్తు పెట్టుకోవాలి. మన పళ్ళ వరస మన వేలిముద్ర లాంటిదే. 2004 సునామీ తరవాత థాయిలాండ్‌లో మృతులని గుర్తించడంలో దంత రికార్డులు ప్రధాన పాత్ర వహించాయి. సింగపూర్‌లో 2012 వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, అలాంటి సమాచారాన్ని విదేశాలకి పంపేవాళ్ళ మీద బాధ్యత పెడుతుంది. భారతదేశంలో ఇలాంటి చట్టం 2023లో వచ్చింది. మన దవడ ఎవరి సర్వర్‌లో, ఎన్నాళ్ళు ఉంటుందని అడిగే హక్కు మనకుంది.

సెలవులకి హైదరాబాదో, విజయవాడో వెళ్ళినప్పుడు పళ్ళ పని కూడా చేయించుకుని రావడం ప్రవాసులం చాలామందికి అలవాటు. తప్పులేదు, అక్కడ మంచి డాక్టర్లు, మంచి ల్యాబులు ఉన్నాయి. కానీ ప్రయాణం చివరి వారంలో పెట్టుకోకండి. మీరు పైన చదివిన ప్రతి మెట్టుకీ దాని సమయం దానికి కావాలి. జిప్సం, జిర్కోనియా మన టికెట్ తేదీ చూసి తొందరపడవు. అచ్చు బాగా రాలేదని ల్యాబు వెనక్కి పంపితే మళ్ళీ తియ్యడానికి రెండు మూడు రోజులు చేతిలో ఉంచుకోండి. ఏ పదార్థంతో క్యాపు చేశారో రాయించుకోండి. స్కాన్ తీసి ఉంటే ఆ ఫైలు ఒక కాపీ అడగండి. రేపు ఇంకో దేశంలో ఇంకో డాక్టరుకి చూపించడానికి పనికొస్తుంది.

డాక్టరు "ఇంకోసారి అచ్చు తియ్యాలండీ, ల్యాబు వాళ్ళు ఒప్పుకోలేదు" అంటే మాత్రం విసుక్కోకండి. ఎక్కడో భూతద్దం పట్టుకుని, మీ మొహం ఎప్పుడూ చూడని ఒకాయన మీ పంటి అంచు గీతని ఊహించడానికి ఒప్పుకోలేదని దానర్థం. ఆ క్యాపు చాలా ఏళ్ళు ఉంటుంది.